కడగని సీసా

ముగ్గురు రాజుల పండగ ఆదివారం, హోమెల్‌హూక్‌లో జనమంతా కుందేలు కూర ముందు కూర్చున్న వేళకి ఒడీల్ వంటింట్లో జాడీ పేలింది. పేలిందంటే ఏదో టప్పుమందనుకునేరు. మూత ఎగిరి పైకప్పుకి కొట్టుకుని, అక్కణ్ణుంచి పోప్ గారి పటానికి తగిలి, తిరిగొచ్చి కూరగిన్నెలో పడింది. ఆ చప్పుడికి ఫ్రాన్సు సరిహద్దు దగ్గర కునుకుతీస్తున్న సుంకాల జవాను లేచి టోపీ సర్దుకున్నాడని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. సరిహద్దు అక్కడికి ఏడు కిలోమీటర్లు. కాస్త తగ్గించుకుని నమ్మినా నష్టం లేదు.

"కుందేల్లో గాజు పడింది," అంది ఒడీల్ భార్య అలీదా.

ఒడీల్‌కి కుందేలు కనబడలేదు. పైకప్పు మీంచి చుక్కలు చుక్కలుగా కారుతున్న బూడిదరంగు మడ్డి కనబడింది. అది ఈస్టు. ఊరి బీరుకి ప్రాణం పోసే ఈస్టు. ఒడీల్ నలభై ఏళ్ళు నేలమాళిగలో పనిచేసిన బీరు బట్టీ తొమ్మిదేళ్ళ క్రితం మూతబడింది. ఆ రోజు యజమానురాలు ఎలోడీ అమ్మగారు ఒక గాజు జాడీ తెచ్చి అతని చేతిలో పెట్టింది. "బట్టీ పోతే పోయింది ఒడీల్. వీడు మాత్రం చావకూడదు," అంది. మరో మాట అనలేదు.

అప్పట్నించీ ఆ జాడీకి చంటిబిడ్డకి జరిగే సేవలన్నీ జరిగాయి. రెండు నెలలకోసారి ఫ్రిజ్‌లోంచి తీసి, మొలకెత్తిన బార్లీతో కాచిన తియ్యటి మాల్టు నీళ్ళు పట్టి, వాడు తిని, పొంగి, అలిసి అడుక్కి చేరాక మళ్ళీ చలిలో పడుకోబెట్టేవాడు. ఏడాదికి రెండుసార్లు తన కొట్టంలోనే బీరు కాచేవాడు. విలుకాళ్ళ సంఘంలోని ముప్ఫై ఇళ్ళవాళ్ళు బార్లీ ఒకరు, చేదుకి వేసే హాప్ పూలు ఒకరు, కట్టెలు ఒకరు తెచ్చిపడేసి, తలో పెట్టె సీసాలు పట్టుకెళ్ళేవాళ్ళు.

మేత తిన్న ఈస్టు ఊపిరి వదులుతుంది, మూత వదులుగా పెట్టాలి. ఈ ముక్క ఒడీల్ ఊళ్ళో ప్రతివాడికీ వందసార్లు చెప్పాడు. కానీ ఆ ఉదయం అలీదా ఉల్లిపాయలు వేయిస్తోంది. ఆ వాసన జాడీలోకి పోతుందేమోనని మూతని రెండుచేతులా బిగించి, పొయ్యి పక్క అలమరలో పెట్టి ప్రార్థనకి వెళ్ళాడు.

ఇప్పుడు కుర్చీ ఎక్కి చెంచాతో పైకప్పు గోకుతున్నాడు. సగం చెంచా పోగయింది. సున్నం, గాజుపొడి, కూర పులుసు, ఏ మూలో ఇంత ఈస్టు.

"ఒసే, ఆ గోడ ముట్టుకోకు!"

"ముట్టుకోడమేంటి, ఎప్పుడో కడిగేశా," అంది అలీదా బ్లీచింగ్ బకెట్లో గుడ్డ పిండుతూ. "నువ్వు గోకుతావు, నేను కడుగుతా. ఎవరి పిచ్చి వాళ్ళది."

ఒడీల్ చెంచా వాసన చూశాడు. అదీ బ్లీచింగ్ వాసనే.

అయితే అతను మరీ అంత తెలివితక్కువవాడు కాడు. కొట్టంలో పాత ఫ్రిజ్‌లో ఇంకో జాడీ ఉంది. దానికి కూడా వేళకి మేత పెడుతున్నానని సంఘంలో ఛాతీ విరుచుకుని చెప్పేవాడు కూడా. వెళ్ళి తీశాడు. మడ్డి కాఫీ రంగుకి తిరిగింది. మూత తీస్తే కాలిన సైకిల్ టైరు వాసన కొట్టింది. ఆఖరిసారి మేత పెట్టింది ఎప్పుడో లెక్కేసుకుంటే పద్నాలుగు నెలలు తేలింది. ఒడీల్ తిరగేసిన సీసాల పెట్టె మీద కూలబడ్డాడు.

పొట్లాల్లో అమ్మే ఈస్టు దొరకదా అంటే, దొరుకుతుంది. కానీ ఆ ఊరి బీరులో లవంగం వాసన, మగ్గిన బేరిపండు వాసన, ఆఖర్న నాలుక చివర ఇంత పొగ ఉంటాయి. ఆ పొగ ఇంకే ఈస్టుకీ రాదు. అది లేకపోతే ముప్ఫై ఇళ్ళవాళ్ళూ ఒక్క గుక్కలో కనిపెట్టేస్తారు. ఎలోడీ అమ్మగారికైతే గుక్క కూడా అక్కర్లేదు.

అసలు సంగతి అదే. ప్రతి ఆదివారం మూడింటికి ఒడీల్ సన్యాసినుల వృద్ధాశ్రమానికి వెళ్ళి ఆవిణ్ణి చూసి రావాలి. తొమ్మిదేళ్ళలో ఒక్క ఆదివారం తప్పలేదు. గోడ గడియారం రెండున్నర కొట్టింది.

ఎలోడీ అమ్మగారికి తొంభై ఒకటి. కళ్ళు పోయాయి, కాళ్ళు పోయాయి, ముక్కు మాత్రం అలాగే ఉంది. కారిడార్లో ఎవరు వస్తున్నారో వాసన పట్టి చెప్పేస్తుందనీ, ఒకసారి బిషప్పుగారు గుమ్మంలో ఉండగానే ఆయన పొద్దున ఏం తిన్నాడో చెప్పేసిందనీ అంటారు.

"వాడు బాగున్నాడా?" అంది. ప్రతి వారం మొదటి మాట అదే.

"బాగున్నాడమ్మగారూ."

"ఏం తిన్నాడు?"

"మాల్టు నీళ్ళే. ఇవాళ పొద్దున్నే పట్టాను." ఈ మాట అబద్ధం కాదు.

"పొంగాడా?"

"పొంగాడమ్మగారూ. మామూలుగా కాదు." ఇదీ అబద్ధం కాదు.

ఆవిడ అతని చెయ్యి పట్టుకుని ముక్కు దగ్గరికి తీసుకుంది. "పండగ పూట నీ వేళ్ళేంట్రా బ్లీచింగ్ కంపు?"

"వంటిల్లు కడిగామమ్మగారూ."

"నువ్వా? వంటిల్లా?" అని ఆవిడ ఊరుకుంది. అడిగి ఉంటే చెప్పేసేవాడే. అడగలేదు. ఒడీల్ ఇంటికొచ్చేసరికి చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది, బయట చూస్తే మంచు.

ఇక మిగిలిన దారి ఒక్కటే. సీసా అడుగు.

వాళ్ళ బీరు సీసాలో కూడా బతికే ఉంటుంది. వంచి పోసేటప్పుడు అడుగున వేలెడు మడ్డి వదిలేస్తారు. ఆ మడ్డిలో ఈస్టు నిద్రపోతూ ఉంటుంది. దాన్ని లేపి, కొంచెం కొంచెంగా మేత పెడితే మళ్ళీ జాడీ నిండుతుంది. ఒక్క సీసా చాలు. బీరున్నదైనా సరే, తాగి పక్కన పడేసిందైనా సరే.

కానీ సంఘంలో ఒడీల్ పెట్టిన కట్టుబాటు ఒకటుంది. పోసీ పోయగానే, గ్లాసులో నురగ ఆరకముందే, సీసా మూడుసార్లు కడిగి బోర్లించాలి. ముగ్గురు రాజుల పండగ ముందురోజుకి పెట్టెలన్నీ తిరిగి రావాలి. మురికి వల్ల తర్వాతి కాపు పాడవకుండా ఉండాలని పెట్టిన నియమం అది. ఒక్క మరక కనబడితే పదిమందిలో నిలబెట్టి కడిగేసేవాడు, సీసాని కాదు, మనిషిని. తొమ్మిదేళ్ళు తిట్టగా తిట్టగా ఊరు దారికొచ్చింది. నిన్న శనివారమే నాలుగువందల పన్నెండు సీసాలూ వచ్చేశాయి. ఏడెనిమిది తక్కువ, అది ఏటా ఉండేదే. రొట్టెల కొట్టావిడ నూనె పోసుకోడానికి నొక్కేస్తోందని ఒడీల్ అనుమానం.

రెండు రోజులు కొట్టంలో కూర్చుని నాలుగువందల పన్నెండు సీసాల్నీ ఒక్కొక్కటే కిటికీ వెలుగుకి ఎత్తి చూశాడు, ముక్కు పెట్టి చూశాడు, వేలు దూర్చి చూశాడు. ఒకచోట వేలు ఇరుక్కుంటే అలీదా వెన్న రాసి లాగింది. అన్నీ తళతళా మెరుస్తున్నాయి. ఒక్కదాంట్లో తెల్లటి చుక్క కనబడితే వేలితో తీసి వాసన చూశాడు. సబ్బు.

బుధవారం ఒక్కరోజులో ఇల్లిల్లూ తిరిగాడు.

"ఒక్క సీసా మర్చిపోయి ఉంటావేమో చూడమ్మా, బల్ల కిందో, మంచం కిందో," అని రొట్టెల కొట్టావిణ్ణి బతిమాలాడు.

"అయ్యో, మీతో తిట్లు తినడానికా? మీరు మూడుసార్లంటే నేను నాలుగుసార్లు కడిగా. ఆఖరుసారి మరిగే నీళ్ళతో!"

"మరిగే నీళ్ళెందుకమ్మా?"

"ఒక్క పురుగు మిగలకూడదన్నది మీరేగా బాబాయిగారూ!"

ఇరవైతొమ్మిది ఇళ్ళలోనూ ఇదే పాట. అందరూ మెచ్చుకోలు కోసం అతని మొహంలోకి చూసేవాళ్ళే.

ముప్ఫయ్యో ఇల్లు సంఘం పెద్ద గెంటీల్‌ది. అయిదేళ్ళ క్రితం విలుకాళ్ళ పోటీలో ఎత్తు కంబం చివర కట్టిన ఈకల పిట్టని బాణంతో కొట్టి ఆ ఏటికి సంఘం రాజయ్యాడు. రాజుకిచ్చిన వెండి గొలుసు పక్కనే, అద్దాల బీరువాలో, ఆ ఏటి బీరు సీసా ఒకటి విప్పకుండా దాచుకున్నాడు. ఒడీల్ ఆ బీరువా ముందు టోపీ తీసి నిలబడ్డాడు. జాడీ పేలిన సంగతి మొదటిసారి బయటికి చెప్పాడు.

"ఒరే, నా బతుకులో నేను కొట్టింది ఆ ఒక్క పిట్టేరా," అన్నాడు గెంటీల్. బీరువా తాళం తీసి సీసా ఇచ్చేసి, మొహం గోడకి తిప్పుకున్నాడు.

ఒడీల్ ఆ సీసాని కడుపుకి హత్తుకుని ఇంటికి తెచ్చాడు. చేతులు మోచేతుల దాకా రుద్దాడు. సీసా మూతికి స్పిరిటు పూసి దీపం మంటలో తిప్పాడు. బిరడా లాగితే ఉస్సుమని ఊపిరి వదలాలి. వదల్లేదు. అయినా బీరు మెల్లగా వంచేసి, అడుగు మడ్డిని పల్చటి మాల్టు నీళ్ళలో కలిపి, ఆ గాజుబుడ్డిని చొక్కా లోపల పెట్టుకుని పొయ్యి పక్కన కూర్చున్నాడు. కోడి పొదిగినట్టు పొదిగాడు. నాలుగు రోజుల్లో ఒక్క బుడగ లేవలేదు. గెంటీల్ బీరువా దక్షిణపు కిటికీ ఎదురుగా ఉంది. అయిదు వేసవుల ఎండ దాని మీదే పడింది.

రెండో ఆదివారం వచ్చింది. ఒడీల్ జలుబు చేసిందని ఆశ్రమానికి కబురు పంపాడు. మూడు కొట్టింది. మూడున్నర కొట్టింది. పళ్ళెంలో బంగాళాదుంపలు చల్లారిపోయాయి. బుడ్డి ఇంకా చొక్కాలోనే ఉంది. చచ్చిన మడ్డిని పొదుగుతున్నానని అతనికి తెలుసు, తీయడానికే చేతులు రావడంలేదు.

"ఏమయ్యా," అంది అలీదా.

"ఊ."

"ఏటా ఏడెనిమిది సీసాలు తగ్గుతున్నాయని రొట్టెలావిణ్ణి ఆడిపోసుకుంటావే."

"దొంగముండ."

"ఆవిడ దగ్గర లేవు." అలీదా ఏప్రన్ అంచు మెలిపెట్టింది. "మా తమ్ముడి దగ్గరున్నాయి."

ఒడీల్ తలెత్తాడు. అలీదా తమ్ముడు రెమీ. ఊరి చివర హాప్ తోట, పెళ్ళీ పెటాకులూ లేని బతుకు. ఆరేళ్ళ క్రితం అతను తిరిగిచ్చిన సీసాలో చచ్చిన నత్త, సిగరెట్టు ముక్క దొరికాయి. ఒడీల్ నిండు సభలో ఆ నత్తని రెమీ అరచేతిలో పెట్టి, "నీకు నా చేతి చుక్క ఇంక లేదు," అని జాబితాలోంచి పేరు కొట్టేశాడు. ఆ రోజు నుంచి బావా బావమరుదులకి మాటల్లేవు.

"వాడికి నేనివ్వడంలేదుగా!"

"నేనిస్తున్నా. గుడ్ల బుట్టలో, పైన గుడ్డ కప్పి. పోయిన క్రిస్మస్‌కి కూడా రెండు."

"ఆరేళ్ళా?"

"ఆరేళ్ళు. తోడబుట్టినవాడు తాగొద్దూ?"

"మరి వారం నుంచి నేనిలా చస్తుంటే చూస్తూ ఊరుకున్నావా?"

"చెబితే నన్నూ జాబితాలోంచి కొట్టేస్తావని భయం." అలీదా కళ్ళు తుడుచుకుంది. "ఇంకెక్కడైనా ఒకటి దొరక్కపోతుందా అనుకున్నా. నిన్నటిదాకా అదే అనుకున్నా."

ఒడీల్ నోరు తెరిచాడు. తిట్టడానికే తెరిచాడు. కానీ నోట్లోంచి వేరే మాట వచ్చింది. "వాడు... సీసాలు కడుగుతాడా?"

"వాడా? వాడు మొహమే కడగడు."

ఒడీల్ కోటు కూడా వేసుకోకుండా పరుగెత్తాడు. డెబ్భైయేళ్ళ మనిషి, మంచులో, చెప్పులతో. దారిలో ఒక కుందేలుని దాటేశాడని అంటారు. ఆ కుందేలు ముసలిదై ఉంటుంది.

రెమీ హాప్ కొట్టం గుమ్మంలో బంగాళాదుంపలు ఏరుతున్నాడు. బావని చూసి లేవలేదు.

"ఏంటి బావా, తనిఖీకా? ఒక్క నిమిషం ఆగు, నత్తల్ని వరసలో నిలబెడతా."

"రెమీ, నీ సీసాలు..."

"మురిగ్గానే ఉన్నాయి. ఇంకా తిట్టాలనుంటే తిట్టు, నేను ఖాళీయే."

"ఒరే, కడగలేదుగదా? ఒట్టు పెట్టు కడగలేదని!"

రెమీ చేతిలో దుంప కిందపడింది. ఆరేళ్ళుగా బావ ఎన్ని రకాలుగా తిడతాడో ఊహించుకున్నాడు గానీ, ఈ రకం తట్టలేదు. ఒడీల్ గుమ్మంలో తడి నేల మీదే కూర్చుని అంతా చెప్పాడు. జాడీ, పైకప్పు, గెంటీల్ పిట్ట, అమ్మగారి ముక్కు. చెబుతూ చెబుతూ ఏడ్చేశాడు. రెమీ ఎటు చూడాలో తెలియక ట్రాక్టరు వైపు చూశాడు.

"నీ నియమంతోనే నీ ఊరు నిన్ను కడిగేసిందన్నమాట," అన్నాడు. "సరే. సంఘం ముందు, కంబం దగ్గర నిలబడి ఒక్కమాట చెప్పాలి."

"ఏమని?"

"రెమీ సీసాలు కడక్కపోబట్టి ఊరి బీరు బతికిందని."

"చెబుతా. కంబం ఎక్కి చెబుతా."

"నీ మోకాళ్ళకి కంబమొద్దులే. కిందనే నిలబడు. ముందు వాడు బతకనీ."

కొట్టం మూల పాత గోనెల వెనక యాభై సీసాలు గుట్టగా పడున్నాయి. అన్నీ తీగెతో నొక్కి మూసే బిరడా సీసాలు. రెమీ తాగేసి, కడిగే ఓపిక లేక, ఎలకలు దూరతాయని బిరడా టక్కున నొక్కేసి గుట్ట మీదికి విసిరేవాడు. ఆ నొక్కడమే ఒడీల్ ఆశ. బిరడా పడిందంటే అడుగు మడ్డి ఎండదు, చలికొట్టంలో పడుకునే ఉంటుంది.

"క్రిస్మస్‌వి ఏవిరా?"

"నేనేమైనా లెక్కపెడతానా బావా? విసిరేస్తా, అవి దొర్లుతాయి."

మొదటిది విప్పాడు, చప్పుడు లేదు. లోపల పచ్చటి బూజు. రెండోది వెనిగర్. మూడోది ఎండి పెచ్చు కట్టింది. పదోదాంట్లో సిగరెట్టు ముక్క. ఇరవై దాటాయి, ముప్ఫై దాటాయి. ఒడీల్ వేళ్ళు గడ్డకట్టి బిరడా పట్టు తప్పుతుంటే రెమీ తన ముతక చేతుల్లోకి తీసుకుని విప్పసాగాడు. నలభై అయింది.

నలభై మూడోది ఉస్సుమంది.

చాలా చిన్న ఉస్సు. నిద్రలో పసివాడు వదిలే ఊపిరంత. ఇద్దరూ కదలకుండా ఉండిపోయారు. ఒడీల్ బిరడా మళ్ళీ మూసేసి రెండు చేతులా పట్టుకున్నాడు. మిగిలిన వాటిలో ఇంకొక్కటి అలాగే అంది.

ఆ రెండింటి మడ్డినీ రెండు బుడ్డీల్లో వేరువేరుగా మేపాడు. అటు వెళ్తూ ఒకసారి, ఇటు వస్తూ ఒకసారి కదిపేవాడు. ఒకటి మూడో రోజున పుల్లటి కంపు కొట్టింది, పారబోశాడు. రెండోది నాలుగో రోజు దాకా ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉంది. అయిదో రోజు పొద్దున అలీదా బుడ్డిని చెవి దగ్గర పెట్టుకుని, "ఏమయ్యా, ఇది గుసగుసలాడుతోంది," అంది. అంచు వెంబడి తెల్లటి నురగ గీత.

ఒడీల్ గంతులెయ్యలేదు. కడగని సీసాలో ఏ గాలి ఈస్టు దూరిందో ఎవరికెరుక? నురగ ఏ వెధవ ఈస్టయినా కడుతుంది. తను వాసన చూశాడు. లవంగం ఉన్నట్టుంది, పొగ ఉన్నట్టూ లేనట్టూ ఉంది. రెండు వారాలుగా బ్లీచింగ్, స్పిరిటు, వెనిగర్ పీల్చిన ముక్కు, దాని మాట అతనే నమ్మలేదు.

మూడో ఆదివారం రెమీ ట్రాక్టరు మీద ఆశ్రమానికి వెళ్ళారు. గుమ్మం దగ్గర సన్యాసిని రెమీ బూట్లు చూసి చెయ్యి అడ్డం పెట్టింది. అతను కారిడార్లోనే ఆగిపోయాడు. ఒడీల్ బుడ్డిని కోటులో పెట్టుకుని లోపలికి వెళ్ళాడు.

"జలుబు తగ్గిందా?" అంది ఎలోడీ అమ్మగారు.

"జలుబు లేదమ్మగారూ."

"తెలుసు. వాడు బాగున్నాడా?"

ఒడీల్ మంచం పక్కన నిలబడి మొదటి నుంచీ చెప్పాడు. మూత బిగించిన సంగతి, పద్నాలుగు నెలలు మేత మానేసిన సంగతి, మొన్నటి అబద్ధం. చెప్పడం అయ్యాక బుడ్డి అందించాడు. ఆవిడ రెండు చేతులతో పట్టుకుంది.

"కిటికీ మూయి," అంది.

మూశాడు. ఆవిడ ముక్కు దగ్గర పెట్టుకుంది. దించింది. మళ్ళీ పెట్టుకుంది. చెంచా అడిగింది. పైన తేరిన నీళ్ళు అరచెంచా నాలుక మీద వేసుకుని నోరు మూసుకుంది. గోడ మీద గడియారం చప్పుడు ఒడీల్‌కి పొలంలో మోటారులా వినబడుతోంది. మంచం పట్టీ పట్టుకున్నాడు. ఇంత సేపా? మనవాడైతే ఇంత సేపెందుకు?

"మట్టి," అంది ఆవిడ. "గోనె. ఇంత ఎలక కూడా."

ఒడీల్ కళ్ళు మూసుకున్నాడు.

"అవన్నీ కాచేటప్పుడు పోతాయి." ఆవిడ ఇంకోసారి పెదాలు తడుపుకుంది. "చివర్న పొగ ఉంది. మనవాడేరా."

ఒడీల్ బుడ్డిని తీసుకోబోతే ఆవిడ ఇవ్వలేదు, దుప్పటిలో పెట్టుకుంది.

కారిడార్లోంచి కేక వచ్చింది. "బావా! బతికినట్టా, పోయినట్టా? కంబం దగ్గర సభకి నేను కోటు ఉతికించుకోవాలా వద్దా?"

"ఎవడ్రా వాడు?"

"నా బావమరిదమ్మగారూ. ఆ సీసాలవాడు. బూట్లనిండా బురదని లోపలికి రానివ్వలేదు, కడుక్కుని వస్తాడు..."

"వద్దు," అంది ఎలోడీ అమ్మగారు. "అలాగే రమ్మను."